సౌఖ్యం కూడా తగ్గింపే

లండన్, బ్లూమ్స్‌బరీ
1907 మార్చి 4, సోమవారం

ప్రియమైన ప్రిసిల్లా అత్తయ్యా,

ఇవాళ పొద్దున్నే ఒక ఆశ్చర్యం. ఆఫీసులో నన్ను ఒక మాట అడిగారు. అంటే సిరాబుడ్డి అడగడం కాదు, కిటికీ మూయమనడం కాదు. అచ్చంగా ఒక మాటే కావాలని అడిగారు!

ఈ పుస్తక ధరల సంఘంలో చేరి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ నా బుర్రతో ఎవరికీ పని పడలేదు, నా పది వేళ్ళతోనే పడింది. ఇవాళ కార్యదర్శి పంఫ్రీ గారు నా టైపు బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మిస్ గార్‌బెట్, మీరు సాయంకాలం కాలేజీలో భాష చదువుతున్నారట కదా. 'తగ్గింపు' అనే మాట కంటే కాస్త పెద్దది ఏదైనా ఉందా?" అన్నారు.

ఎందుకో చెప్తాను. పుస్తకం మీద అచ్చయిన నెట్ ధర కంటే ఒక్క పెన్నీ తగ్గించి అమ్మినా ఆ కొట్టు పేరు నిలుపుదల జాబితాలోకి ఎక్కుతుందని నీకు తెలుసు. ఆ తర్వాత దేశంలో ఏ ప్రచురణకర్తా వాళ్ళకి పుస్తకం పంపడు. అయితే కొట్లవాళ్ళు తెలివి మీరిపోయారు. ధర తగ్గించరు, పక్కనుంచి ఇంకోటేదో ఇస్తారు. లీడ్స్‌లో ఒకాయన నవలతో పాటు సాక్సులు ఇస్తున్నాడు. బ్రైటన్‌లో ఒక మంగలి ప్రయాణ గ్రంథం కొన్నవాళ్ళకి ఊరికే గడ్డం గీస్తున్నాడు. సాక్సులు తగ్గింపా, గడ్డం తగ్గింపా అని సభ్యులు తలలు పట్టుకున్నారు.

పోయిన నెలంతా ఇంకో తగవు. ఒక పెద్ద దినపత్రికవాళ్ళు తమ చందాదారులకి కొత్త పుస్తకాలు అరువిచ్చి, తిరిగి రాగానే 'పాతవి' అని చవగ్గా అమ్మేస్తున్నారు. మరి పుస్తకం ఎప్పుడు పాతదవుతుంది? ఒక సభ్యుడు, "చదివినప్పుడు" అన్నాడు. అధ్యక్షులు సర్ ఆగస్టస్ గారు కంగారు పడి, "అలాగైతే మా ఇంట్లో పుస్తకాలు మూడు తరాల నుంచీ కొత్తవే" అన్నారు.

పెద్ద మాట కోసం వెతుకుతున్నాను. నిద్ర పట్టేలా లేదు.

నీ లెటిస్

*

లడ్‌లో, ష్రాప్‌షైర్
మార్చి 9

లెటీ,

నీ సంతోషం చూసి నాకు భయం వేసింది పిల్లా. మాటలు అడిగేవాళ్ళని నమ్మకు. మీ నాన్న అలాగే ఎవరో అడిగారని ఎన్నికల పాట రాసిచ్చి, ఓడిపోయినవాడి పక్షాన తన్నులు తిన్నాడు.

నీ సంఘం మంచిదే, కాదనను. మా నాన్న కొట్టు పెట్టిన కొత్తలో కూడా ఇలాంటి కట్టుబాటే ఒకటి ఉండేదట. పద్దెనిమిది వందల యాభై రెండులో లండన్‌లో పెద్దమనుషులు కూర్చుని, వ్యాపారమంటే స్వేచ్ఛ అని తీర్పు చెప్పి దాన్ని ఎత్తేశారు. ఆ స్వేచ్ఛ వచ్చిన దగ్గర్నుంచీ మా నాన్న పుస్తకాల పక్కన గోడ కాగితాలు అమ్మాడు, దగ్గుమందు అమ్మాడు, చివరికి ఈస్టరుకి గాజు బాతులు కూడా అమ్మాడు. షిల్లింగుకి మూడు పెన్నీలు తగ్గించందే ఒక్కడూ జేబులోంచి చెయ్యి తీసేవాడు కాదు. ఇప్పుడీ నెట్ ధర వచ్చాక ఏడేళ్ళుగా నేను పుస్తకాలు మాత్రమే అమ్మి బతుకుతున్నాను. 'నెట్' అన్న ఆ వల ఎవరి మీద పడ్డా నాకు మాత్రం ఊయలే.

కాకపోతే ఊరివాళ్ళ నోరు ఇంకా పాత నోరే. నిన్న పాదిరి ట్విసెల్టన్ గారు వచ్చి ప్రసంగాల పుస్తకం పట్టుకుని, "మిస్ గార్‌బెట్, దైవ గ్రంథం కదా, ఓ మూడు పెన్నీలు..." అని మొదలుపెట్టాడు. నేను వెంటనే కేకు ముక్క చేతిలో పెట్టాను. తిన్నాడు, పూర్తి ధర ఇచ్చాడు, వెళ్ళాడు. అదీ మర్యాదగా వ్యాపారం చేయడమంటే.

నీకూ ఒక జీలకర్ర కేకు పార్సెల్ చేశాను. అందిందా? ఎలా ఉందో రాయి.

మీ అత్త
ప్రిసిల్లా గార్‌బెట్

*

లండన్
మార్చి 27

అత్తయ్యా!

దొరికింది! మాట దొరికింది!

సౌఖ్యం.

వారమంతా నిఘంటువులో మునిగి తేలాను. 'లాభం' అంటే డబ్బు వాసన వస్తుంది. 'కానుక' అంటే క్రిస్మసు గుర్తొస్తుంది. 'సౌఖ్యం' మాత్రం అన్నిటినీ చుట్టేస్తుంది. సాక్సులూ సౌఖ్యమే, గడ్డమూ సౌఖ్యమే. "ధరలో గాని, వస్తువులో గాని, మరే విధంగా గాని కొనుగోలుదారుకు కలిగించే ఏ సౌఖ్యమైనా తగ్గింపుగా పరిగణింపబడును." చదువుతుంటే నోటికి ఎంత బాగుందో చూడు!

పంఫ్రీ గారు దాన్ని తన పేరు మీదే సమావేశంలో చదివారనుకో. ఏం ఫర్వాలేదు. సర్ ఆగస్టస్ ఎప్పటిలాగే, "అభ్యంతరమున్నవారు మాట్లాడండి" అని చెప్పి, గడియారం వంక చూసి, "ఎవరూ మాట్లాడలేదు కనక ఆమోదించినట్టే" అన్నారు. ఆయన అన్ని తీర్మానాలనూ అలాగే దాటిస్తారు. అప్పటికి ఇద్దరు సభ్యులు నిద్రపోతున్నారు, ఒకాయన ముక్కు చీదుకుంటున్నాడు. అయినా దేశంలో ప్రతి పుస్తకాల కొట్టుకీ నా మాట అచ్చై వెళ్తుంది. నీకూ వస్తుంది. గోడకి అంటించు.

కేకు అందింది. చాలా రోజులు నిలిచింది. నేనుండే ఇంటి యజమానురాలికి కూడా పెట్టాను. ఆమె చిలక్కి బాగా ఉపయోగపడింది, అంటే ఆ చిలక కూడా ఇష్టపడింది అని.

నీ లెటిస్

*

లడ్‌లో
ఏప్రిల్ 13

లెటీ,

మీ కాగితం వచ్చింది. గోడకి అంటించాను. అది చదివిన దగ్గర్నుంచీ నా కొట్టులో నాకే నేరస్తురాల్లా ఉంది.

కుర్చీ సౌఖ్యమా కాదా? పొయ్యిలో నిప్పు మాటేమిటి? నిన్న మిసెస్ ఆడ్నీ వచ్చి నిప్పు దగ్గర చేతులు చాచింది. "అమ్మా, కొనేదాకా వెచ్చబడకండి, కొన్నాక అసలే వెచ్చబడకండి, నేరం" అన్నాను. "అయితే నేనేం కొనను, ఊరికే కూర్చుంటాను, అది నేరం కాదుగా?" అంది. మీ నియమం ప్రకారం ఆవిడే సరి. కొననివాళ్ళని ఎంత సుఖపెట్టినా తప్పులేదు.

ఈ మాట కనిపెట్టిన పంఫ్రీకి పెళ్ళయిందా? అయ్యుండదు.

మంగళవారం బూడిదరంగు చేతి తొడుగులతో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఊరివాడు కాదు. కొండల మీద రాసిన పుస్తకమొకటి తీసి, అటు తిప్పి ఇటు తిప్పి, "పట్నంలో ఇదే పుస్తకం..." అని గొంతు సవరించుకున్నాడు. నేను పెద్ద ముక్కే పెట్టాను. పాపం, చాలాసేపు నిలబడి తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. పూర్తి ధర ఇచ్చి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు.

ఎవరో బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు.

మీ అత్త

*

లండన్
ఏప్రిల్ 24

అత్తయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకు మాటలు దొరకకపోవడం ఇదే మొదటిసారి.

ఆ బూడిదరంగు తొడుగుల మనిషి మా తనిఖీదారు ట్విగ్ గారు. ఎవరు నియమం తప్పుతున్నారో చూడ్డానికి సంఘం ఊరూరా పంపుతుంది ఆయన్ని. దవడ చుట్టూ రుమాలు కట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఏమైందంటే చెప్పడు. "గార్‌బెట్ కొట్టు, లడ్‌లో. పుస్తకంతో పాటు కేకు ఇచ్చారు. అంటే సౌఖ్యం" అని రెండు ముక్కలు చెప్పి, దవడ పట్టుకుని కూర్చున్నాడు. దాన్ని నేనే టైపు కొట్టాను. నీ పేరులో అక్షరం కూడా తప్పు పోనివ్వలేదు. చెయ్యి అలవాటు కొద్దీ కొట్టేసింది.

విచారణ మే 7న. అంతవరకు నీకు పుస్తకాలు పంపొద్దని ప్రచురణకర్తలందరికీ ఉత్తరాలు వెళ్ళిపోయాయి. తీర్పు నీకు వ్యతిరేకంగా వస్తే అది శాశ్వతం.

అత్తయ్యా, ఇంకొకటి. పంఫ్రీ గారిని తిట్టకు. ఆ మాట నాది. పోయిన నెల నీకు రాశానుగా, అంత సంబరంగా. నువ్వు ఆయన్ని తిడుతూ రాసినప్పుడే నాకు చెప్పాలనిపించింది. కానీ నువ్వు నా మీద కోపం రాకుండా ఆ తిట్లన్నీ కావాలనే ఆయన మీదకి తోశావేమో అనుకున్నాను. నిజమేనా?

నీ లెటిస్

*

లడ్‌లో
ఏప్రిల్ 27

మిస్ లెటిస్ గార్‌బెట్ గారికి,
పుస్తక ధరల సంఘం, లండన్.

అమ్మా,

మీ ఉత్తరం అందినది. గురువారం రావలసిన పుస్తకాల పెట్టె రాలేదు. స్టేషనుకు రెండుసార్లు వెళ్ళి వచ్చాను. బడిపిల్లలకు బహుమతి పుస్తకాలు ఇవ్వలేనని హెడ్మాస్టరు గారికి చెప్పవలసి వచ్చినది. ఇదే తీరు సాగితే వచ్చే క్రిస్మసు నాటికి మళ్ళీ గాజు బాతులు అమ్ముకొనవలసి వచ్చును.

విచారణకు హాజరు కాగలను.

మీ మాట మిక్కిలి సొగసుగా ఉన్నది. అభినందనలు.

ఇట్లు,
పి. గార్‌బెట్

*

లండన్
ఏప్రిల్ 29

అత్తయ్యా,

నువ్వు నన్ను 'మీరు' అన్నావు. కొట్టుకి పిలిచి జుట్టు పట్టుకుని వంచినా ఇంత బాధ వేసేది కాదు. ఉత్తరం మడిచి నిఘంటువులో పెట్టాను. దాన్ని మళ్ళీ తెరవాలంటే భయంగా ఉంది.

నిన్ను దీంట్లోంచి తప్పించాలని ఆదివారమంతా ఆ నియమాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. లండన్ కొట్లలో తివాచీలున్నాయి, లిఫ్టులున్నాయి, అదంతా సౌఖ్యం కాదా అని పంఫ్రీ గారిని అడిగాను. "అవి కట్టడంలో భాగాలు, మిస్ గార్‌బెట్" అన్నారు. మరి సంఘం సభ్యులు తమ దగ్గర పుస్తకాలు కొనే పెద్ద కొట్లవాళ్ళకి షెర్రీ వైను పోస్తారు కదా అన్నాను. ఆయన, "అది వాతావరణం" అన్నారు.

కాబట్టి ఒకే దారి మిగిలింది. దాన్ని రాయడానికి ఈ కలం మూడుసార్లు కింద పెట్టాను.

నియమంలో ఉన్నది 'కేకు' కాదు, 'సౌఖ్యం'. కేకు ఇచ్చావన్నది నిజమే, కాదనలేం. అది సౌఖ్యం కాదని నిరూపించాలి.

అత్తయ్యా, నువ్వు కొట్టు తలుపులు మూసి, కుర్చీలో కూర్చుని చదువు. నీ కేకు సౌఖ్యం కాదు. ఎప్పుడూ కాదు. మా చిన్నప్పుడు నాన్న దాన్ని కిటికీ కొట్టుకోకుండా సందులో పెట్టేవాడు. నువ్వు పంపినదాన్ని మా ఇంటి యజమానురాలి చిలక ముక్కు అరగదీసుకోవడానికి వాడుతోంది. ట్విగ్ గారి దవడకి కట్టిన రుమాలు ఎందుకో నాకు చూడగానే అర్థమైంది, కానీ నిన్ను నొప్పించలేక రాయలేదు. ఆయన సిగ్గుపడి చెప్పలేదు, నేను ప్రేమకొద్దీ చెప్పలేదు. ఇద్దరం కలిసి నీ కొట్టు ముంచేలా ఉన్నాం.

ఏడో తారీఖున నువ్వు ఆ పెద్దమనుషుల ముందు నిలబడి, "నా కేకు తింటే సుఖం ఉండదు" అని నీ నోటితో చెప్పాలి. అంతే. లడ్‌లోలో ఆ కేకు నీకెంత పరువో నాకు తెలుసు. చెప్పగలవా?

ఎప్పటికీ నీ
లెటిస్

*

లడ్‌లో
మే 3

ఒసేయ్ లెటీ,

తలుపు మూయలేదు, కుర్చీలోనూ కూర్చోలేదు. కౌంటరు దగ్గరే నిలబడి చదివాను. చదివి ఎంత నవ్వానంటే మిసెస్ ఆడ్నీ ఎదురు కొట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నీ మొహం! నా కేకు ఎలా ఉంటుందో నాకు తెలీదనుకున్నావా? ముప్పై ఏళ్ళుగా నేను ఒక్క ముక్క నోట్లో పెట్టుకోవడం ఎప్పుడైనా చూశావా? మీ నాన్న కిటికీలో పెట్టిన ముక్క నేనే సైజు చూసి కోసిచ్చాను.

అసలు సంగతి చెప్తాను, విను. నెట్ ధర వచ్చిన కొత్తలో ఊరంతా బేరానికి దిగేవాళ్ళు. "మూడు పెన్నీలు తగ్గించమ్మా." "లేదండీ, నియమం." "ఏం నియమం, నీ తండ్రి తగ్గించేవాడు." రోజుకి ఇరవైసార్లు అదే గోల. ఒకనాడు పాదిరి గారు అలాగే నోరు తెరిచినప్పుడు, కోపం వచ్చి ఎదురుగా ఉన్న కేకు ముక్క చేతిలో పెట్టాను. మర్యాదస్తుడు కదా, కాదనలేక నోట్లో పెట్టుకున్నాడు. ఇక మాట రాలేదు! నమిలాడు, నమిలాడు, నేను పుస్తకం చుట్టి ఇచ్చాను, నోరు ఖాళీ అయ్యేలోగా డబ్బులు డబ్బాలో పడ్డాయి. ఇంగ్లాండులో పుట్టినవాడెవడూ నోట్లో తిండి పెట్టుకుని బేరమాడడు, అమ్మాయీ. నోట్లో తిండి పెట్టుకుని ఏదీ మాట్లాడడు.

ఆ రోజు నుంచీ కేకుని కావాలనే ఇంకా గట్టిగా చేస్తున్నాను. వెన్న సగం తగ్గించాను. ఒకసారి పొరపాటున మెత్తగా వచ్చింది. ఆ వారం ముగ్గురు బేరమాడారు.

మీ సంఘం ఇన్నేళ్ళుగా ముద్ర వేసి, కాగితం అచ్చేసి, బూడిదరంగు తొడుగుల మనిషిని ఊళ్ళు తిప్పి చేయలేని పని నేను అర పౌను పిండితో చేస్తున్నాను. దేశం మొత్తానికి నెట్ ధరని పావు పెన్నీ కూడా తప్పకుండా నిలబెట్టిన కొట్టు ఏదైనా ఉంటే అది నాది. నన్నా జాబితాలో పెడతారు?

నీ మీద కోపం వచ్చిందే. మాట నీదని నాకు మొదట్నుంచీ తెలుసు, మార్చిలో నువ్వే రాశావు కదా. పంఫ్రీని తిడితే నువ్వే బయటపడి తప్పు చూసుకుంటావనుకున్నాను. కుర్చీ, నిప్పు అని నేను నవ్వుతూ రాసింది నువ్వు నిజంగా చదివుంటే అప్పుడే ఆపగలిగేదానివి. నీకు మాట అందంగా ఉందా లేదా అన్నదే ధ్యాస. ఆ మాట ఎవరింటి తలుపు తడుతుందో కూడా చూసుకోవాలి పిల్లా. ఇంకెప్పుడూ దీని గురించి ఎత్తను.

సోమవారం సాయంత్రం బండికి వస్తున్నాను. పాడింగ్టన్ దగ్గర ఎప్పుడూ దిగే బసలోనే ఉంటాను. కేకు తెస్తున్నాను. ఈసారి వెన్న అసలు వేయలేదు.

మీ అత్త

*

లండన్
మే 6, సోమవారం సాయంత్రం

నా బంగారు అత్తయ్యా,

స్టేషనుకి రాలేకపోయాను. విచారణకి ముందు సంఘం గుమాస్తా కొట్టువాళ్ళని కలవకూడదట. ఉత్తరం రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు, నియమాలన్నీ వెతికాను. ఇది బసలో నీ చేతికి అందుతుంది.

ఇవాళ పంఫ్రీ గారి దగ్గరికి వెళ్ళి, "సర్, కేకు సాక్ష్యవస్తువు కదా. రేపటి సమావేశంలో మొదటి అంశంగా 'సాక్ష్యవస్తువు పరిశీలన' అని పెట్టమంటారా?" అన్నాను.

"పరిశీలన అంటే?"

"రుచి చూడడం, సర్. సౌఖ్యం ఉందో లేదో దూరం నుంచి చూసి తేల్చలేం. మీ నియమం మరి, మీ మాట."

తన మాట అనగానే ఆయన చాతీ పొంగింది. "చాలా సరైన పద్ధతి" అని సంతకం పెట్టారు. ట్విగ్ గారు మూల కుర్చీలోంచి ఏదో చెప్పబోయి, దవడ పట్టుకుని ఊరుకున్నారు.

కాబట్టి రేపు ఉదయం ఇలా చేద్దాం. నువ్వు సరిగ్గా పది గంటలకి రా. లోపలికి రాగానే ఏమీ మాట్లాడకు. ఒక్కొక్కరికీ నీ చేత్తో ఒక్కో ముక్క ఇవ్వు, పెద్దవే కోయి. సర్ ఆగస్టస్‌కి కట్టుడు పళ్ళు, ఆయనకి చివరి అంచు ముక్క ఇవ్వు. వాళ్ళు మర్యాదస్తులు, ఆడమనిషి చేత్తో ఇచ్చింది పక్కన పెట్టరు. అందరి నోళ్ళూ నిండాయని చూసుకుని, నేను తీర్మానం చదువుతాను. "గార్‌బెట్ వారి కేకు సౌఖ్యం కాదు. వారి కొట్టుకు పుస్తకాల సరఫరా నేటి నుండి పునరుద్ధరింపబడును." రెండు వాక్యాలే. మధ్యాహ్నమంతా కూర్చుని, అందమైన మాటలన్నీ నేనే తీసిపారేశాను.

ఆ తర్వాత నువ్వు సర్ ఆగస్టస్ తీర్మానాలు దాటించే వాక్యమే వాళ్ళకి గుర్తుచెయ్యి. అభ్యంతరమున్నవారు మాట్లాడమని అడుగు. గడియారం వంక చూడు. నిదానంగా చూడు.

బల్ల మీద మంచినీళ్ళ కూజా రోజూ పెట్టేది నేనే. రేపు పొద్దున మర్చిపోతాను.

నీ
లెటీ